పెండ్లికొడుకు పీరు పేరు

మా అన్న నాకు ఫోను చేయడు. ఎప్పుడన్నా నేనే చేస్తే, "బాగున్నవా చెల్లె, మోకాళ్ళెట్లున్నయి" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు పెట్టేస్తాడు. అటువంటి మనిషి మొన్న పొద్దున్నే తనంతట తాను ఫోను చేసి, "జర వచ్చిపో చెల్లె. శ్రావణ్ కొడుక్కు నా పేరు పెడ్తమంటున్నరు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పటిలా ఫోను పెట్టేయలేదు. ఆయన వెనక మరమగ్గాల చప్పుడు వింటూ నేనూ అలాగే ఉండిపోయాను. శ్రావణ్ మా తమ్ముడి కొడుకు. తమ్ముడు పోయాక ఆ పిల్లవాణ్ని పెంచింది అన్నే. మంచిర్యాలలో నేనుండే ఇంటి నుంచి హుస్నాబాద్ పక్కనున్న మా ఊరికి వెళ్ళాలంటే దారిలో బస్సు మారాలి. మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి చాలా శుభకార్యాలు ఎగ్గొట్టాను, ఆ విద్య నాకు బాగానే వచ్చు. ఇది మాత్రం శుభకార్యంగా నాకు తోచలేదు. గబగబా రెండు చీరలు సర్దుకుని బస్సెక్కాను.

మా అన్న పేరు ఖాసిం. మేము పద్మశాలీలం. తాతల నాటి నుంచీ మగ్గం మీద బతికిన ఇల్లు మాది. పైవాళ్ళకు ఇది వింతగా ఉంటుందేమో కానీ, మా వైపు ఇళ్ళలో పీర్ల పేర్లు పెట్టుకున్నవాళ్ళు కావలసినంత మంది ఉండేవాళ్ళు. అన్నకు ముందు అవ్వకు పుట్టిన ఇద్దరు పిల్లలు తొట్టెలలోనే పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు పీర్ల పండుగ వచ్చింది. మా సాలోళ్ళ వాడ చివర పీర్ల కొట్టం ఉండేది. అందులో కర్రలకు తొడిగి వరుసగా నిలబెట్టిన ఇత్తడి పీర్లలో అవ్వ ఒక పీరును ఎంచుకుంది. దాన్ని మా వాళ్ళు పెండ్లికొడుకు పీరు అనేవాళ్ళు. పండుగలో ఒకనాడు ఆ పీరుకు పెళ్ళికొడుకు మొహానికి కట్టినట్టు పూల సెహ్రా కట్టి, గోరింటాకును మేము మైదాకు అంటాం, అది పెట్టి, షర్బత్ పంచి, డప్పులతో వాడంతా తిప్పేవాళ్ళు. మా దేవుళ్ళకు ఏటా కళ్యాణం జరుగుతుంది, కళ్యాణం జరిగే దేవుడు మంగళకరమైన దేవుడు, కాబట్టి ఈ పీరు కూడా అంతే అని అవ్వ అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు, వాడంతా అలాగే అనుకునేది. తడిబట్టలతో పీరు చుట్టూ తిరిగి, "సామీ, వీని పెండ్లి దాక వీన్ని నాకు కాపాడు. పెండ్లినాడు నీకు బాసింగం కట్టిస్త" అని మొక్కుకుంది.

అన్న పుట్టాక పేరు పెట్టింది ముజావర్ తాత. పీర్లను చూసుకునే మనిషి ఆయన. మా ఊళ్ళో బర్రె పాలివ్వకపోయినా, బిడ్డకు దిష్టి తగిలినా ఆయనకు కబురు వెళ్ళేది. ఊదు పొగ మధ్య పిల్లవాణ్ని ఒళ్ళో పెట్టుకుని, చెవిలో పేరు ఊది, ఒక మాట చెప్పాడట. "ఇగ గీ పేరు మీ ఇంట్ల ఇంకెవలకన్న పెట్టాలంటే వీడే ఊదాలె. పేరున్నోడే పేరియ్యాలె." పేరుకు అర్థమేమిటని బాపు అడిగితే, "ఖాసిం అంటే పంచేటోడు. ఎవ్వల పాలు వాళ్ళకిచ్చేటోడు. అరబ్బీల పాత పేరు, పెద్ద పేరు" అన్నాడట. బాపు ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. అన్నకు గరిటె పట్టడం చేతనైన నాటి నుంచీ మా ఇంట్లో ఏది పంచాలన్నా వాడే పంచాలి. ఆదివారం కూర, పండుగనాటి మలీద ముద్దలు, మగ్గం మీద నుంచి పొద్దున్నే లేచి వచ్చిన బాపుకు పెట్టే జొన్న గటుక, ఏదైనా సరే. అందరికీ పెట్టి ఆఖరున తాను పెట్టుకోవాలి. మాంసం వండిన నాడు వాడి గిన్నెలో చాలాసార్లు పులుసే మిగిలేది. దాంట్లో జొన్నరొట్టె ముంచుకుంటూ, "పులుసులనే ఉంటది చెల్లె అసలు రుచి" అనేవాడు. నేను నమ్మి నా ముక్కలు పక్కన పెట్టి పులుసు తాగేదాన్ని. ఇప్పటికీ ఎక్కడన్నా మగ్గం పడుగు నూలుకు పెట్టే గంజి వాసన వస్తే నాకు ఆ వంటింటి గడప, పొయ్యి చుట్టూ కూర్చున్న మేము, గరిటె పట్టుకుని నిలబడ్డ అన్న కనిపిస్తారు. ఆ రోజుల్లో మా ఇంట్లో లేమి ఉండేది కానీ భయం ఉండేది కాదు.

భయం వచ్చింది అవ్వ అడిగిన ఒక ప్రశ్న వల్ల. అన్నకు మూతి మీద నూగు కూడా రాలేదప్పటికి. పండుగ ముందు పీర్లను దించి తోమడానికి వాడలో ఆడవాళ్ళు కొందరు సాయం వెళ్ళేవాళ్ళు. అవ్వ ఎప్పుడూ తన పీరును తానే తోముకునేది. చింతపండు, బూడిద కలిపి రుద్దుతూ, నన్ను నీళ్ళు పోయమని పక్కన కూర్చోబెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, కొట్టం బయట ఎండ మాడిపోతోంది. అవ్వ ఏదో మాటల్లో మాటగా, "తాతా, ఏటేట పెండ్లి జేస్తరు గద, మరి పెండ్లికూతురు పీరేది?" అని అడిగింది. మా దేవుళ్ళలో పెళ్ళి చేసుకున్న ప్రతి ఒక్కరి పక్కనా భార్య ఉంటుంది మరి. ముజావర్ తాత పీరుకు చుట్టే పట్టు దట్టీని మడతపెట్టడం ఆపి అవ్వ మొహం చూశాడు.

"నీకు ఎరుకలేదా బిడ్డా?" అన్నాడు.

"ఏంది?"

"గీ పెండ్లి సంబురం గాదమ్మా. ఏడుపు. హసన్ ఇమాం కొడుకు ఖాసిం. చిన్న పిలగాడు. కర్బలాల దండు చుట్టుముట్టింది, తాగ నీళ్ళు లేవు. గప్పుడు పెండ్లి జేసిండ్రట. చేతుల మైదాకు ఆరకముందే లడాయికి పోయిండు. మళ్ళ రాలే."

అవ్వ చేతిలో పీరు ఉంది. దాన్ని కింద పెట్టకూడదని ఆమెకు తెలుసు కాబట్టి గట్టిగా పట్టుకునే ఉంది. బూడిద నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. "మరి నాకెందుకు చెప్పలే?" అంది చాలా మెల్లగా. "అందరికి ఎరికె అనుకున్న" అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఆ కథ విని ఏడ్చిన మనిషికి, పక్క వాడలో దాన్ని కళ్యాణమనుకునేవాళ్ళు ఉంటారని ఎలా తెలుస్తుంది? మేము వాళ్ళ పండుగలో ఇన్నేళ్ళు నడిచాం, నిప్పుల గుండం చుట్టూ ఎగిరాం, మలీద తిన్నాం. వాళ్ళు దేనికి ఏడుస్తున్నారో ఒక్కరమూ అడగలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ తాను మొక్కిన మొక్కు బాపుకు మళ్ళీ చెప్పింది. "పెండ్లి దాక కాపాడుమన్న. పెండ్లి దాకనే అడిగిన" అంది. బాపు మగ్గం గుంటలో కూర్చుని నాడె విసురుతున్నవాడు ఆపేశాడు. మా ఇంట్లో పగటిపూట మగ్గం ఆగితే ఎవరికో ఏదో అయినట్టే. అప్పటి నుంచి ఇంట్లో కొన్ని పనులు మారిపోయాయి. పెరట్లో ఉన్న మైదాకు చెట్టును అవ్వ తన చేత్తోనే నరికి, వేళ్ళు కూడా తవ్వి పారేసింది. బంధువుల పెళ్ళిళ్ళకు అన్నను పంపడం మానేసింది. ఎవరన్నా సరదాకు వాణ్ని "ఏం పెండ్లికొడుకా" అని పిలిస్తే కొట్లాటకు వెళ్ళేది. ముజావర్ తాత దగ్గరికి పోయి, పేరు వాపసు తీసుకోమని బతిమాలింది. "పేరు పెట్టబట్టికె పిలగాడు నడుస్తుండు, తింటుండు. ఇప్పుడు తీసేస్తే ఏమైతదో నాకు ఎరికలేదు. నీకు ధైర్నముంటె తీసెయ్" అన్నాడాయన. అవ్వకు ఆ ధైర్యం ఎక్కడిది, ఇద్దర్ని పూడ్చిపెట్టిన మనిషికి? పేరుంటే పెళ్ళి భయం, పేరు తీస్తే ప్రాణభయం. ఆ రెంటి మధ్యా ఇరవై ముప్పై ఏళ్ళు నలిగింది. అన్న ఎదుగుతున్న కొద్దీ, వాడి గొంతు మారుతున్న కొద్దీ అవ్వ మొహం పాలిపోతూ వచ్చింది. ఇతర తల్లులు కొడుకు ఏపుగా పెరుగుతుంటే మురిసిపోతారు. మా అవ్వ అన్నకు మొదటిసారి మంగలి గడ్డం గీసిన నాడు అన్నం తినలేదు.

నేను చదువుకుని, టీచరునయ్యాక అవ్వతో వాదించడం మొదలుపెట్టాను. నా నోరు చిన్నప్పుడే పెద్దది, ఉద్యోగం వచ్చాక చెప్పనక్కర్లేదు. మా బడిలో ఉర్దూ చెప్పే ఆపా ఒకరు ఉండేవారు. ఆమెను అడిగితే ఆ పేరు గురించి ఇంకా చాలా చెప్పింది. ప్రవక్తగారి మొదటి కొడుకు పేరు కూడా ఖాసిమేనని, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడని, అందుకే ప్రవక్తగారికి ఖాసిం తండ్రి అనే పేరు ఉందని చెప్పింది. "మరి అంత దుఃఖమున్న పేరు మీరు పిల్లలకు ఎట్లా పెట్టుకుంటారు ఆపా?" అంటే, "ప్రేమ ఉన్న పేరు పెట్టుకుంటం. దుఃఖం లేని ప్రేమ ఎక్కడుంది టీచరమ్మా" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. కానీ అవ్వకు చెప్పలేదు. ఒక పసిబిడ్డ, ఒక పెళ్ళికొడుకు, ఇద్దరూ ఆ పేరుతోనే పోయారని ఆమెకు ఏ నోటితో చెప్పను? పెళ్ళి కథ కొట్టిపారేయమని మాత్రం పోరేదాన్ని. "నీకు సదువున్నది, నాకు కొడుకున్నడు" అని అవ్వ ఒక్క మాటతో నా నోరు మూయించేది.

సంబంధాలు రాకపోలేదు. అన్న అందగాడు, పనిమంతుడు, మరమగ్గాలు వచ్చిన కొత్తలోనే ఆ పని నేర్చుకున్నాడు. వచ్చిన ప్రతి పిల్లకూ అవ్వ ఒక వంక చెప్పేది. ఒకామె పొడుగు, ఒకామె పొట్టి, ఒకరి ఇంటి గుమ్మం దక్షిణం వైపు. తమ్ముడికి పెళ్ళయింది, నాకయింది. చివరకు బాపు, "నీ భయానికి వాని బతుకు బుగ్గి జేస్తున్నవ్" అని గట్టిగా అరిచాడు. ఆయన అరవడం నేను విన్నది అదొక్కసారే. జమ్మికుంట నుంచి ఒక సంబంధం ఖాయమైంది. అవ్వ సరేనంది. అనడమేమిటి, గోడకు ఆనుకుని కూర్చుని తలూపింది. నేను ఆ పిల్లను చూశాను. నూలు కండెలు చుడుతూనే మాతో మాట్లాడింది, నవ్వితే పక్క పన్ను మీద పన్ను కనిపించేది. అన్న ఆమెను చూసి చిన్నగా నవ్వడం కూడా నేను చూశాను. తీరా లగ్నం పెట్టుకునే నాడు అన్న, "నాకు పెండ్లొద్దు" అని లేచిపోయాడు. ఎవరెంత అడిగినా అదే మాట. ఆ మధ్యాహ్నం అవ్వ లేచి, చాలా ఏళ్ళ తర్వాత పాట పాడుకుంటూ బూరెలు చేసింది. ఆమె మొహంలో ఆనాడు కనిపించిన సంతోషాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. అన్న తల్లి మనసు నొప్పించలేక తన బతుకును పంచేశాడని నేను ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అవ్వ పోయినప్పుడు కూడా ఆ కోపంతోనే ఏడ్చాను.

మొన్న ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. మగ్గం గుంట ఉన్న చోట ఇప్పుడు గచ్చు చేసి, బండి నిలబెట్టుకున్నారు. శ్రావణ్ భార్య మౌనిక మంచం మీద కూర్చుని ఉంది. ఆ పిల్లకు మొదటి బిడ్డ పుట్టిన వారానికే పోయింది. ఈ రెండోవాడు నెలలు నిండకుండా పుట్టి, కరీంనగర్ దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉండి, ఈ మధ్యే ఇంటికి వచ్చాడు. నా అరచేయంత మొహం, నీలపు పెదాలు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంట పడుతోంది. నేను చూస్తూ ఉండలేకపోయాను. "అత్తమ్మా, పెద్దమామ లెక్కనే వీడు గూడ బతకాలె. నేను మొక్కుకున్న. గా పేరే పెట్టాలె" అంది మౌనిక. ఆ పిల్ల కళ్ళు మా అవ్వ కళ్ళలాగే ఉన్నాయి.

శ్రావణ్‌కు ఇష్టం లేదు. వాడు నన్ను చూడగానే ఆశగా లేచి వచ్చాడు, చదువుకున్నదాన్ని కదా, తన వైపు మాట్లాడుతాననుకున్నాడు. "అత్తా, నువ్వన్న చెప్పు. పెద్దబాపు కాలం వేరు. ఇప్పుడు మొఖం కన్న ముందు పేరు చూస్తున్నరు. రేపు వీడు బళ్ళెకు పోవద్దా, నౌకరీ చెయ్యద్దా, పట్నంల కిరాయి ఇల్లు అడగద్దా? గీ పేరుతోని ఒక్కడు పోతుంటే నలుగురు ఆపి, నువ్వెవ్వడివి అంటే ఏం జెప్పుకుంటడు?" అన్నాడు. వాణ్ని కసరబోయి ఆగాను. వాడు చెప్పిందాంట్లో అబద్ధమేముంది? పోయిన నెలలో బస్టాండులో ఎవరో కుర్రవాడు అన్న పేరడిగి, చెప్పాక మళ్ళీ అడిగాడట. అన్న నుదుటి బొట్టు వైపు చూసి, ఇంకా ఇద్దరిని పిలిచాడట. ఏమీ కాలేదు, అన్న బస్సెక్కి వచ్చేశాడు. అప్పటి నుంచి ఎవరన్నా పేరడిగితే, "ఖాసిం, పద్మశాలోళ్ళం" అని రెండూ కలిపి చెబుతున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటాక ఆయనకు ఈ కొత్త అలవాటు వచ్చింది. మా చిన్నప్పుడు ఆ పేరు లోపలున్న కథకు భయపడ్డాం, బయటి మనుషుల గురించి మాకు ఆలోచనే లేదు. కథ అయితే కనీసం ఒకే ఒక్క రోజు కోసం కాచుకుని ఉండేది. ఇప్పటిది ఏ రోజు, ఏ బస్టాండులో ఎదురుపడుతుందో ఎవరు చెప్పగలరు?

అన్న వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని, "ఇయ్యకు అన్నా" అన్నాను. ఏ చుట్టుతిరుగుడూ లేకుండా. "గీ పేరు నిన్నేం జేసిందో నేను చూసిన. అవ్వ భయానికి నువ్వు పెండ్లే చేసుకోకపోతివి."

అన్న నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"అవ్వ భయానికా? అవ్వ సరేనన్నది గద చెల్లె."

"మరి?"

"అవ్వ నా కోసం భయపడ్డది, బాపు నా కోసం భయపడ్డడు, నువ్వు నా కోసం కొట్లాడినవ్. ఇంట్ల అందరు నా గురించే. గా జమ్మికుంట పిల్ల గురించి ఒక్కలన్న అనుకున్నరా? నేను పోతే పోదును. మైదాకు చేతులతోని గామె ఏం గావాలె? నేను ముజావర్ తాతను అడిగిన, గా పెండ్లికూతురు ఏమైంది తాతా అని. ఏడ్సుకుంట ఉండిపోయింది బిడ్డా అన్నడు. గంతే. ఇగ మగ్గం కాడికి పోయిన గని గామె నవ్వే కండ్లల్ల తిరుగుతుండె. నాకు ధైర్నం రాలే."

పీర్ల కొట్టంలో ఆనాడు పెళ్ళికూతురేదని అడిగింది అవ్వే. అడిగిందే కానీ, జవాబు వినేసరికి కొడుకు గురించి తప్ప మరొకటి ఆమె తలలో మిగల్లేదు. నాకూ మిగల్లేదు. అవ్వను ఇన్నేళ్ళు తప్పుపట్టిన నేను కూడా ఆ పన్ను మీద పన్నున్న పిల్లను ఎప్పుడో మరిచిపోయాను. "గామె ఎట్లున్నదో ఎరికేనా?" అని అడిగితే, "ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చిండ్రు. మనవలున్నరట. మంచిగున్నదట" అన్నాడు. ఆ 'మంచిగున్నదట' అనేటప్పుడు ఆయన గొంతులో ఉన్న తృప్తి విని నాకు ఏడుపొచ్చింది.

"మరి అంత తెలిసి వీనికెందుకు ఇస్తున్నవ్?" అన్నాను.

"వీడు ముందు బతకనీ చెల్లె. భయపడాలన్న బతికుండాలె గద."

పొద్దు వాలకముందే తొట్టెల కట్టారు. ముజావర్ తాత ఎప్పుడో పోయాడు, ఆయన మనవడు ఊదు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. శ్రావణ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. పేరు బయటికి వినపడకుండా వీధి తలుపు దగ్గరికి వేసింది మాత్రం వాడే. మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా బార్లా తెరిచి ఉంచే తలుపు అది. అన్న బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, ఆ చిన్న తలను ఎత్తి, చెవిలో పేరు ఊదాడు. బిడ్డ ఉలిక్కిపడి గట్టిగా ఏడ్చాడు. అంత బలంగా ఏడవడం పుట్టిన తర్వాత అదే మొదటిసారని మౌనిక నవ్వుతూ, ఏడుస్తూ అందరికీ చెప్పింది. నేనూ నవ్వాను. బిడ్డను నా చేతుల్లో పెట్టారు. ఆ ఎర్రటి గుప్పిళ్ళను చూస్తూ నేను మనసులో ఏళ్ళు కలుపుకున్నాను. వీడు పెద్దవాడై, పెళ్ళిపీటల మీద కూర్చునే నాటికి నేనుండను. ఆ సంగతి తట్టగానే నాకు కలిగిన నిమ్మళానికి నేనే హడలిపోయి, బిడ్డను వాళ్ళమ్మకు ఇచ్చేశాను.